నిద్రపోతున్న సీసం

ఆ గురువారం ఉదయం ఇదాలీనా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో ఎవరూ ఏ పనీ చేయకూడదు. తుడవకూడదు, కడగకూడదు, కిటికీల జోలికి అసలే వెళ్ళకూడదు. పది గంటలకు మునిసిపాలిటీ నుంచి తనిఖీ అధికారి వస్తాడు. ఆయన కళ్ళకు ఆ మూడంతస్తుల చెక్క ఇల్లు ఎంత దరిద్రంగా కనబడితే అంత మంచిది.

దరిద్రానికి ఆ ఇంట్లో లోటు లేదు. బట్టల మిల్లులు నడిచిన రోజుల్లో కట్టిన కొంప. కిటికీ పైకెత్తితే చాలు, పాత రంగు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఆ రంగులో పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే సీసం ఉంది. అది ఇదాలీనా కూతురు నేలియా రక్తంలోకి చేరింది. మూడున్నర దాటకూడని అంకె పన్నెండు దగ్గర కూర్చుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు పిల్లకు ఏడాది నిండింది. ఇప్పుడు రెండున్నరేళ్ళు. అంకె తొమ్మిదికి దిగి అక్కడే మొండికేసింది.

భయపడటం ఇదాలీనాకు వెన్నతో పెట్టిన విద్య. ద్రాక్షపండు చూస్తే అది పిల్ల గొంతుకు అడ్డంపడటం కనిపిస్తుంది. మెట్లు చూస్తే పిల్ల దొర్లటం కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ ఆమెను చూసి నవ్వేవాళ్ళు. సీసం విషయంలో ఆమె భయం అక్షరాలా నిజమైంది. అయినా వాళ్ళు నవ్వు మానలేదు.

పాత ఇళ్ళలో ఈ రంగు తీయించి కొత్త కిటికీలు వేయించుకోవడానికి మునిసిపాలిటీ డబ్బిస్తుంది. పేరుకు అప్పే గాని, అయిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉంటే మాఫీ. దరఖాస్తు పదిహేడు పేజీలు. కర్టెన్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చునే ఇదాలీనా చదివింది ఎనిమిదో తరగతి. ఆ పదిహేడు పేజీలనూ అక్షరాల కింద వేలు పెట్టుకుని ఆరుసార్లు చదివింది. ఇల్లు అత్తగారు ఎర్మెలిండాది కాబట్టి సంతకం ఆవిడ పెట్టాలి.

"గవర్నమెంటోడు ఊరికే కిటికీలిస్తాడా?" అంది ఎర్మెలిండా అప్పట్లో. "ముందు కిటికీ ఇస్తాడు, తర్వాత ఇల్లు తీసుకుంటాడు. నేను పద్దెనిమిదేళ్ళకి సముద్రం అవతలి దీవి నుంచొచ్చి ఈ ఇంట్లోనే నలుగురు పిల్లల్ని పెంచాను. అందరూ ఆ రంగే నాకారు. ఏమైంది వాళ్ళకి?"

నలుగురిలో ఒకడు తన మొగుడే కాబట్టి ఆ ప్రశ్నకు ఇదాలీనా జవాబు చెప్పలేదు. సంతకం మాత్రం పెట్టించింది. తర్వాత పద్నాలుగు నెలలు వరుసలో ఎదురుచూసింది. మునిసిపాలిటీ పుణ్యమా అని ఆ పద్నాలుగు నెలలూ సీసం తన పని తాను చేసుకుపోయింది.

తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. తనిఖీ అధికారి కారు చెడిపోయిందట. వచ్చే గురువారం, అదే సమయానికి వస్తాడట.

ఇదాలీనా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. వచ్చే గురువారమంటే ఇంట్లో కిరీటం ఉంటుంది.

ఈస్టరు తర్వాత ఏడు ఆదివారాలు ఆ పేటలో పరిశుద్ధాత్మ వెండి కిరీటం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఏటా చీటీలు తీసి ఏడిళ్ళు ఎంచుతారు. చీటీ వచ్చిన ఇంట్లో ముందుగదిలో మెట్లమెట్లుగా పీఠం కట్టి, తెల్లగుడ్డలు పరిచి, కాగితం పూలు పెట్టి, పైన కిరీటాన్ని కూర్చోబెడతారు. వారం పాటు రోజూ సాయంత్రం పేటంతా వచ్చి జపమాల చెప్పుకుంటుంది. చెప్పుకుంటూ ఆ ఇంటి మూలమూలలూ చూస్తుంది. ఎర్మెలిండా ముప్ఫై ఒక్కేళ్ళు ఎదురుచూస్తే ఈ ఏడు చీటీ వచ్చింది. కిరీటం వచ్చే ఆదివారమే వస్తుంది.

"అత్తయ్యా, ఒక్క మాట," అంది ఇదాలీనా కింది వాటాకు దిగి. "పీఠం కట్టుకోండి, నేల తుడుచుకోండి. కిటికీలు మాత్రం ముట్టుకోకండి. వాటి పెచ్చులు చూస్తేనే డబ్బిస్తారు."

"ఊడిపోతున్న కిటికీల ముందు కిరీటం పెట్టుకోమంటావా?"

"నేలియా కోసం అత్తయ్యా."

"నేలియాకేం? బంగారంలా ఉంది. పైపళ్ళ మధ్య సందు చూశావా? నా సందే దిగింది. మా అమ్మకీ అదే సందు. ఆ సందున్న ఆడది తొంభై ఏళ్ళు బతుకుతుంది."

"అత్తయ్యా!"

"సరేలే, ముట్టుకోను," అంది ఎర్మెలిండా. ఆ 'సరేలే' ఎంత ఉత్తదో ఇదాలీనాకు తెలియకపోలేదు. గాడిద తలూపిందని బరువు ఎక్కించేసినట్టు, విన్నది చాలనుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది.

పీఠం కట్టడానికి ముందుగదిలో ఒకటే చోటు ఉంది, వీధివైపు కిటికీ ముందు. ఇంట్లో అన్నిటికన్నా ఘోరంగా పెచ్చులూడిన కిటికీ అదే. అయిదు మెట్ల పీఠం దాన్ని కింది చెక్క గట్టుతో సహా మూసేసింది. ఆదివారం కిరీటం వచ్చింది. పేట వచ్చింది. మూడో అంతస్తులో అద్దెకుండే లియోకాడియా అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా వెనక వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పక్క కిటికీ మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుని, రుమాలుకు తుడుచుకుంది. ఎర్మెలిండాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

"కిటికీలు ఎందుకలా వదిలేశావు వదినా?" అని లియోకాడియా సోమవారం మెల్లగా కదిపింది.

"గురువారం గవర్నమెంటోడు చూడ్డానికొస్తున్నాడు. వాడు చూసేదాకా ముట్టుకోకూడదంట."

"చూసి?"

"ఏమో. రాసుకుంటాడంట."

లియోకాడియాకు అంత చాలు. ఆవిడ మరిది ఇంటిని కూడా ఎవడో వచ్చి చూసి, రాసుకునే వెళ్ళాడు. మర్నాడే ఇల్లు ఖాళీ చేయాలని తలుపు మీద ఎర్ర కాగితం అంటించారు. ఆ ఎర్ర కాగితం కబురై మెట్లు దిగి, రొట్టెల కొట్టు మీదుగా పోయి, సాయంత్రానికల్లా కిరీటం సంఘం పెద్ద అర్మీందో చెవిలో పడింది. పడేసరికి ఇలా తయారైంది: కిటికీలు బాగా లేవని ఎర్మెలిండా ఇల్లు గురువారం మునిసిపాలిటీ స్వాధీనం చేసుకుంటుంది. కిరీటం లోపలుండగానే తాళం పడుతుంది.

మంగళవారం ఇదాలీనా సెలవు పెట్టి పిల్లను మళ్ళీ రక్తపరీక్షకు తీసుకెళ్ళింది. అంకె పదికి ఎక్కింది. దారిపొడుగునా ఆమె మనసు తన పని తాను చేసింది. పిల్లకు బడిలో చదువు ఎక్కదు. ఎక్కకపోతే ఉద్యోగం రాదు. రాకపోతే పిల్ల కూడా కర్టెన్ల ఫ్యాక్టరీలోనే, తన పక్క మిషను దగ్గరే కూర్చుంటుంది. ఆ మిషనుకు సూది విరిగే జబ్బు. అది కంటికి తగులుతుంది. బస్సు దిగేసరికి నేలియా ఒంటికంటి ముసలిదైపోయింది.

వీధి మలుపులోనే వాసన తగిలింది. కొత్త రంగు వాసన.

ఇంటి ముందు మూడు నిచ్చెనలున్నాయి. తొమ్మిదిమంది సంఘం మగవాళ్ళు మూడంతస్తుల కిటికీలకూ లోపలా బయటా తళతళలాడే తెల్లరంగు పూసేశారు. గీకింది లేదు, కడిగింది లేదు. పెచ్చుల మీదే దట్టంగా, అన్నం మీద పెరుగు పోసినట్టు పోసేశారు. ఒక చట్రం మీద ఈగ వాలి ఉంటే ఈగతో సహా పూశారు. ఆ ఈగ ఆకారం రంగు కింద ఉబ్బి కనబడుతోంది. రంగు ఎండితే కిటికీలన్నీ బిగుసుకుపోతాయి. ఇక ఏదీ తెరుచుకోదు.

"ఇల్లు కాపాడేశాం!" అన్నాడు అర్మీందో నిచ్చెన మీద నుంచి. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు. "ఇప్పుడు రమ్మను వాణ్ణి! ఏం రాసుకుంటాడో చూస్తాను."

"అర్మీందో బాబాయ్," అంది ఇదాలీనా. "ఇల్లెవరు తీసుకుంటారన్నారు?"

"గవర్నమెంటు!"

"గవర్నమెంటు మనకి డబ్బిస్తానంది బాబాయ్. కిటికీలు పాడైపోతే ఇస్తానంది."

అర్మీందో చేతిలోని కుంచె నుంచి రంగు బొట్లుబొట్లుగా కారింది.

"పాడైతే ఇవ్వడమేంటమ్మా? ఎవడన్నా నవ్వుతాడు. నువ్వేదో తప్పు చదివుంటావు," అన్నాడు దయగా.

తొమ్మిదిమందీ తలూపారు. పదిహేడు పేజీల్లో ఒక్క పేజీ ముట్టని తొమ్మిది తలలు. ఎర్మెలిండా గుమ్మంలో నిలబడి అందరికీ తియ్యరొట్టె కోసి పంచుతోంది.

"ముట్టుకోనని మాటిచ్చారు," అంది ఇదాలీనా.

"నేను ముట్టుకున్నానా? నా చేతులు చూడు," అంది ఎర్మెలిండా. చేతులు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి.

ఇదాలీనా ఆ పూటే పిల్లను తన అక్క ఇంట్లో దిగబెట్టింది. మొగుడు తిబేరియో రొట్టెల వ్యాను దిగి ఇంటికొచ్చి కొత్త రంగు చూసి, "బాగుందే" అన్నాడు. ఆ రంగే నాకి పెరిగిన నలుగురిలో ఇతనొకడని ఆమెకు మళ్ళీ గుర్తొచ్చింది. బుధవారం మధ్యాహ్నం తిండి విరామమంతా మునిసిపాలిటీకి ఫోను చేస్తూ గడిపింది. మీ ఫోను మాకు చాలా ముఖ్యమని ఒక రికార్డు గొంతు పదకొండుసార్లు చెప్పింది.

గురువారం సరిగ్గా పదింటికి తనిఖీ అధికారి హాస్కెల్ వచ్చాడు. సన్నగా, ముక్కు మీద కళ్ళద్దాలతో, నడుముకు సీసం పట్టే యంత్రం తగిలించుకుని ఉన్నాడు. ముందుగదిలో అప్పటికే పూలు మార్చడానికొచ్చిన ఆడవాళ్ళు ఆరుగురున్నారు. గుమ్మంలో అర్మీందో, ఇద్దరు సంఘం మనుషులు కాపలా ఉన్నారు, ఇల్లు పోకుండా.

కిరీటమున్న ఇంట్లోకి అడుగుపెట్టినవాడు తినకుండా వెళ్ళకూడదు. హాస్కెల్‌ను కూర్చోబెట్టి ముందు రొట్టె నానేసిన మాంసం పులుసు పెట్టారు. తర్వాత తియ్యరొట్టె. తర్వాత మళ్ళీ పులుసు. "మంచి మర్యాద చెయ్యండి, మెత్తబడతాడు," అని లియోకాడియా అందరికీ వినబడేలా గుసగుసలాడింది. ఆయన మెత్తబడలేదు గాని కొంచెం బరువెక్కాడు. లేచి మూడంతస్తులూ తిరిగొచ్చాడు.

"చాలా చక్కగా ఉంచుకున్నారు," అన్నాడు ఎర్మెలిండాతో.

ఎర్మెలిండా కోడలి వైపు చూసింది. ఆ చూపు నిండా విజయమే.

"సార్, ఆ రంగు మొన్ననే వేశారు," అంది ఇదాలీనా. "దాని కింద పెచ్చులున్నాయి. సీసముంది. మీ యంత్రానికి తెలియదా?"

"తెలుస్తుంది మేడమ్. లోపల సీసముందని యంత్రం చెప్పింది. కానీ మా డబ్బు ఊడిపోతున్న రంగుకి. పైన కప్పు గట్టిగా ఉంటే అది నిద్రపోతున్నట్టు లెక్క. నిద్రపోతున్న సీసం మాది కాదు. లేచినదే మాది."

"ఆర్నెల్లకి మళ్ళీ లేస్తుంది సార్!"

"లేచినప్పుడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి."

"మళ్ళీ పద్నాలుగు నెలలా?"

"ఇప్పుడు పంతొమ్మిది," అన్నాడు హాస్కెల్. ఆ ముక్క చెప్పినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. కాగితం తీసి, 'ప్రమాదం లేదు' అన్న గడి మీద కలం పెట్టాడు.

ఇదాలీనా ఆ కలాన్ని పట్టేసుకుంది. జన్మలో ఏ అధికారి చేతిలోనిదీ ఆమె పట్టుకోలేదు. తర్వాత తలుచుకుని మూడు రోజులు భయపడింది కూడా. "ఒక్కటి మిగిలింది సార్. ఆ పీఠం వెనకాల. దానికి లోపలివైపు రంగు వెయ్యలేదు, పీఠం అడ్డముంది."

ఆరుగురు ఆడవాళ్ళూ పీఠం వైపు తిరిగారు.

"ఆదివారం దాకా పీఠం కదపకూడదు," అన్నాడు అర్మీందో గుమ్మంలోంచి. "కిరీటం కదిలితే పేటకే అరిష్టం."

"ఎవ్వరూ కదపరు," అంది ఎర్మెలిండా పీఠానికి అడ్డంగా నిలబడి. "ముప్ఫై ఒక్కేళ్ళు ఎదురుచూశాను. ఓ కిటికీ కోసం కదుపుతానా?"

హాస్కెల్ గడియారం చూసుకున్నాడు. పులుసు మొహమాటం అప్పుడే అక్కరకొచ్చింది. రెండు గిన్నెలు తాగినవాడు చూడకుండా వెళ్ళలేడు. "కింది నుంచి టార్చి వేసి చూస్తాను," అని మోకాళ్ళ మీద కూర్చుని, తెల్లగుడ్డ ఎత్తి, తల లోపలికి దూర్చాడు.

గవర్నమెంటోడు కిరీటం ముందు మోకరించాడు! లియోకాడియా అది చూసి తానూ మోకరించింది. మిగిలిన అయిదుగురూ మోకరించారు. అర్మీందో టోపీ తీశాడు. ఎవరో జపమాల మొదలుపెట్టారు. హాస్కెల్ నడుము దాకా పీఠం కింద, మిగతాది బయట. వెనక్కి రాబోతే వెనకాల ఆరుగురు ఆడవాళ్ళు. జపమాలలో పదేసి ప్రార్థనలు రెండు విడతలు అయ్యేదాకా ఆయనకు బయటికి దారి లేదు. ఆ మనిషి టార్చి వెలుగులో ఏం చూడాలో అది చూసుకుంటూ ఉండిపోయాడు.

"మేడమ్," అన్నాడు చివరికి, లోపలి నుంచే. "మీ పాపకి ముందు పళ్ళెన్ని?"

"ఎందుకు సార్?" ఇదాలీనా పీఠం దగ్గరికి వంగింది.

"గట్టు అంచంతా కొరికి ఉంది. చిన్న పళ్ళు. పైవి రెండూ కొంచెం దూరంగా ఉన్నాయి, మధ్యలో సందు."

జపమాల ఆగిపోయింది. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు పటపటమంటుండగా, ఎర్మెలిండా నేల మీదికి వంగి, బయటికొచ్చిన హాస్కెల్ చేతిలో టార్చి లాక్కుని లోపలికి చూసింది.

ఆ కిటికీ దగ్గర బల్ల వేసి పిల్లను నిలబెట్టేది ఆవిడే. 'నాన్న వ్యాను వస్తుందేమో చూడు' అని నిలబెడితే పిల్ల గంటల తరబడి అల్లరి చేసేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని పేటంతా చెప్పుకునేది కూడా. మూతి మీద తెల్లటి పొడి ఉంటే ఆవిడే చేతిగుడ్డతో తుడిచేది.

"తియ్యగా ఉంటుంది గదా ఆ రంగు," అంది ఎర్మెలిండా తనలో తనే. "మావాళ్ళూ అలాగే..."

లేచింది. కోడలి మొహం చూడలేదు. నేరుగా పీఠం దగ్గరికెళ్ళి, రెండు చేతులా కిరీటం ఎత్తేసింది.

"ఎర్మెలిండా! ఆదివారం దాకా..." అని అర్మీందో పరుగెత్తుకొచ్చి చేతులు చాపాడు.

"నీ చేతులకి రంగుంది, ముట్టుకోకు," అంది ఆవిడ. మంగళవారం పూసిన తెల్లరంగు అర్మీందో గోళ్ళలో ఇంకా అలాగే ఉంది. మిగతా ఇద్దరి చేతులూ అంతే. ఇల్లు కాపాడిన చేతులు ఒక్కటీ కిరీటానికి పనికిరాలేదు. కిరీటం మోయాల్సింది మగవాళ్ళే, గదిలో శుభ్రమైన మగచేతులు హాస్కెల్‌వే. "పట్టుకో నాయనా. పడేశావంటే చంపేస్తాను."

హాస్కెల్ పట్టుకున్నాడు. వెండి కిరీటం, దాని పైన చిన్న పావురం. కిరీటం చేతిలో ఉన్నవాడి దగ్గరికి వచ్చి ముద్దుపెట్టుకోవడం ఆచారం. ఆడవాళ్ళు వరుసకట్టారు. కబురు మెట్లెక్కింది, వీధి దాటింది. గవర్నమెంటోడు కిరీటం ఎత్తుకున్నాడని రొట్టెల కొట్టు నుంచి కూడా జనం వచ్చారు. ఒకావిడ మనవడి జలుబు తగ్గాలని ఆయన చొక్కా ముట్టుకుంది. అర్మీందో రంగు వదిలించే టర్పెంటైన్ సీసా కోసం పరుగెత్తాడు. చేతులు రుద్దుకుని తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఈ లోపల తిబేరియో తమ్ముళ్ళను పిలిపించి పీఠం పక్కకు లాగించింది ఎర్మెలిండా. వీధి వెలుతురు పడి కిటికీ బయటపడింది. పెచ్చులు పాత చేప పొలుసుల్లా లేచి ఉన్నాయి. గట్టు పొడవునా పళ్ళ గుర్తులు.

"నేను రాయలేను గదా," అన్నాడు హాస్కెల్ కిరీటం మీదుగా. "మేడమ్, మీరు రాయండి. 'ముందుగది, వీధివైపు కిటికీ. ఊడుతున్న రంగు, ఉంది. పిల్ల కొరికిన గుర్తులు, ఉన్నాయి.' కింద ఇంకో గడి ఉంటుంది, 'ఇల్లంతటికీ వర్తిస్తుంది' అని. పిల్ల రక్తంలో సీసం ఉండి, ఇలాంటి గట్టు ఒక్కటి దొరికినా దానికి టిక్కు పెట్టొచ్చు."

ఎనిమిదో తరగతి చదువుతో ఇదాలీనా ఆ కాగితం మీద అక్షరాలు దిద్దినట్టు రాసింది. ఆరుసార్లు చదివిన పదిహేడు పేజీల్లో ఆ గడి ఎక్కడా లేదు. ఉపయోగపడే గడి దరఖాస్తుదారుల కాగితాల్లో వేయరు కాబోలు. అర్మీందో చేతులు కడుక్కొచ్చి కిరీటం అందుకున్నాక, హాస్కెల్ యంత్రం గట్టుకు ఆనించాడు. ఒకటి దాటకూడని చోట అది ఇరవై రెండు చూపించింది. ఆయన సంతకం పెట్టాడు.

"చేత్తో మోసినవాడి పేరు వచ్చే ఏడాది చీటీల్లో వెయ్యాలి," అన్నాడు అర్మీందో, ఓడిపోయినట్టు కనబడకూడదని. "ఇంటిపేరు చెప్పండి సార్."

హాస్కెల్ రెండు చంకల్లో రెండు తియ్యరొట్టెలతో, తనకేమైందో పూర్తిగా అర్థం కాకుండానే వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక ఎర్మెలిండా కోడలి పక్కన కూర్చుంది. ఒడిలో పడ్డ రొట్టె తునకలు ఏరింది. తర్వాత, "పిల్లని ఇప్పుడే తీసుకురాకు. కొత్తవి పెట్టాకే తీసుకురా," అంది.

"ఊఁ."

"నువ్వు చదివిందే నిజం."

"ఊఁ," అంది ఇదాలీనా. అంతకన్నా ఎక్కువ అనాలని ఉంది. పద్నాలుగు నెలలుగా కూడబెట్టిన మాటలున్నాయి. ఆవిడ మొహం చూసి మింగేసింది. మధ్యలో సందున్న పై పళ్ళతో ఎర్మెలిండా పెదవి కొరుక్కుంటోంది.

ఉత్తరం ఆరు వారాలకు వచ్చింది. మూడంతస్తులకూ ఇరవై ఎనిమిది కిటికీలు మంజూరు. ఇరవై ఎనిమిదీ పరిశుద్ధాత్మే ఇప్పించాడని లియోకాడియా పేటంతా చెప్పింది. పదిహేడు పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత కిటికీలు పీకేసి చెత్తలో పారేయడానికి సోమవారం పొద్దున పనివాళ్ళు వస్తామన్నారు.

ఆదివారమంతా ఎర్మెలిండా కూర్చుని ఇరవై ఎనిమిది పాత కిటికీలకూ అద్దాలు తుడిచింది, వచ్చేవాళ్ళేమనుకుంటారని.